జోగారావు గారి రెండో సంతకం

కొత్త స్పీకర్ కేబుల్ పెట్టె మూత తీస్తే కొత్త చెప్పుల వాసన వస్తుంది. రబ్బరు, జిగురు, లోపల పరిచిన మఖమల్ గుడ్డ, అన్నీ కలిసిన వాసన. మొన్న ఆదివారం గురుగ్రామ్‌లో ఓ పదిహేడో అంతస్తు ఫ్లాట్‌లో ఆ వాసన తగిలేసరికి నాకు ఒకప్పుడు పనిచేసిన షోరూమ్ గుర్తొచ్చింది. నా పని ఇళ్లకు వెళ్లి పాటలు వినే గదులు సర్దడం. స్పీకర్లు గోడకు ఎంత దూరంలో పెట్టాలి, సోఫా ఎక్కడికి జరపాలి, ఏ గోడకు మందపాటి పరదా వెయ్యాలి, ఇవే నేను చెప్పేవి. కేబుళ్ల మాట నేనుగా ఎత్తను. వాళ్లే ఎత్తుతారు. ఆ ఇంటాయన హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన మేనేజరు. బొటనవేలంత లావున్న స్పీకర్ తీగను పెట్టెలోంచి రెండు చేతులా ఎత్తి చూపించి, పాత తీగ తీసేసి, దాన్ని తగిలించి, పాట పెట్టాడు. తేడా వినిపిస్తోంది కదండీ అని అడిగాడు. నేను నా కుడి మణికట్టును ఎడమ చేత్తో వెనక పట్టుకుని నిలబడ్డాను. ఆయన దాన్ని మర్యాద అనుకుని ఉంటాడు. మర్యాదా లేదు, పాడూ లేదు. ఆ చేతిని నేను నమ్మను, అంతే. నమ్మకూడదని నాకు నేర్పినాయన ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉండేవాడు. జోగారావు గారు. ఆయన పోయి రెండు శీతాకాలాలైంది.

నేను ఢిల్లీ వచ్చింది పీహెచ్‌డీ చేద్దామని. మునిర్కాలో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలే గదిలో, ఇంకో ఇద్దరమ్మాయిలతో నాలుగేళ్లున్నాను. థీసిస్ మూడో అధ్యాయం దగ్గర ఆగింది, ఫెలోషిప్పు కూడా ఆగింది, కర్నూలు తిరిగి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అప్పుడే నోయిడాలో ఓ ఆడియో షోరూమ్‌లో ఉద్యోగం దొరికింది. మెత్తటి కార్పెట్టు, మసక వెలుగు, మధ్యలో ఒకే ఒక్క కుర్చీ ఉన్న గదిలో కస్టమర్‌ను కూర్చోబెట్టి డెమో ఇవ్వాలి. ముందు మామూలు తీగతో ఒక పాట, తర్వాత ఖరీదైన తీగతో అదే పాట. మధ్యలో వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, తీగ మార్చి, మళ్లీ చెవికి సరిపోయేంత పెంచాలి. లేకపోతే స్పీకర్ ఢబ్బుమంటుంది. పాట అయ్యాక ‘పర్దా హట్ గయా’ అనాలని మా యజమాని నేర్పాడు. తెర తొలగిపోయిందట. సగంమంది కస్టమర్లు ఆ మాట మేం అనకముందే వాళ్లే అనేవాళ్లు.

నేను అబద్ధాలు చెప్పి అమ్మానని మాత్రం అనుకోకండి. అలా అమ్మేవాళ్లు నా పక్కనే ఉండేవాళ్లు, వాళ్లకు నిద్ర సుఖంగానే పట్టేది. నాకు నిజంగా వినిపించేది. మామూలు తీగతో ముద్దగా ఉన్న గొంతు ఖరీదైన తీగ తగిలించగానే విడివడి దగ్గరికొచ్చేది. మృదంగం మీద వేలు పడటం వేరుగా, మోత వేరుగా తెలిసేది. నమ్మి చెప్పేదాని మాట ఎవరికైనా తలకెక్కుతుంది కాబట్టి షోరూమ్‌లో అందరికంటే నేనే ఎక్కువ అమ్మేదాన్ని. థీసిస్ రాయలేకపోయినా నాకు చెవి ఉంది అని ఆ రోజుల్లో నాకు మహా గర్వంగా ఉండేది.

మా షోరూమ్‌లో చెడిపోయిన యాంప్లిఫయర్లు జోగారావు గారి దగ్గరికి వెళ్లేవి. ఇద్దరూ తెలుగువాళ్లే కదా, నువ్వే వెళ్లి ఇచ్చిరా అని యజమాని నన్ను పంపించేవాడు. ఆయనది శ్రీకాకుళం వైపు. వైమానిక దళంలో రేడియో పరికరాలు బాగుచేసే విభాగంలో పనిచేసి రిటైరై, వైశాలిలో కింది అంతస్తు ఫ్లాట్ కొనుక్కుని, బాల్కనీకి అద్దాలు బిగించి దాన్నే వర్క్‌షాప్ చేసుకున్నాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో టెస్టర్. ఊరొదిలి నలభై ఏళ్లైనా ఆయన మాటలో ‘ఏటి’ అనేది పోలేదు. పంజాబీ కస్టమర్లతో హిందీ మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఓ ‘ఏటి’ దొర్లేది, వాళ్లు దాన్ని ఏదో విడిభాగం పేరనుకుని తలూపేవాళ్లు. నేను అంకుల్ అనేదాన్ని, ఆయన భార్య సరోజిని గారిని ఆంటీ అనేదాన్ని. ఢిల్లీలో అంతకు మించి వరసలు కలపం.

ఆ బాల్కనీలో మేకుకు వేలాడుతూ ఒక పొడుగాటి రిజిస్టర్ ఉండేది. అందులో ప్రతి పేజీకీ మూడు గళ్లు. చేసిన పని, చేసినవారి సంతకం, చూసినవారి సంతకం. విమానం దగ్గర పని అలాగే జరుగుతుందట. బిగించినవాడు ఒకడు, బిగిసిందో లేదో చూసేవాడు ఇంకొకడు. తన పనికి తానే రెండో సంతకం పెట్టడం అక్కడ పెద్ద తప్పు. రిటైరై ఇన్నేళ్లైనా ఆయన ఆ అలవాటు వదల్లేదు. రెండో సంతకం ఎవరిదనుకున్నారు? సరోజిని ఆంటీది. ఫ్యూజు మార్చినా సరే, వంటింట్లోంచి కేకేసి పిలిచేవాడు. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మీటర్ మీద ముల్లు ఏ అంకె దగ్గరుందో చూసి, పాట ఓ నిమిషం విని, తప్పులేకుండా సంతకం పెట్టి, పోపు మాడిపోతోందని విసుక్కుంటూ వెళ్లిపోయేది. చూసి నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. సర్వీసులో ఉండగా ఓసారి ఒక కనెక్టర్ తానే బిగించానని తల్లి మీద ఒట్టేసి చెప్పగలిగేంత నమ్మకంగా ఉన్నాడట. రెండోవాడొచ్చి వేలు పెడితే అది వదులుగా తిరిగిందట. ఏమైంది మరి అని ఆత్రంగా అడిగితే, ఏమీ కాలేదు, రెండోవాడు చూశాడు కదా అన్నాడు.

“చేసినోడి కళ్లకి అయిపోయినట్టే కనిపిస్తాదమ్మా,” అన్నాడు. “అందుకే ఇంకోళ్లు చూడాల.”

ఆ చలికాలంలోనే భాస్కరం గారు షోరూమ్‌కు వచ్చారు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరై ఘాజియాబాద్‌లో ఒక్కరే ఉండేవారు. నేను తెలుగుదాన్నని తెలిసి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, కొంచెం సిగ్గుపడుతూ ఇచ్చారు. అందులో ఆయన భార్య గొంతు ఉంది. ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు టేప్‌రికార్డర్ ఎదురుగా పెట్టి పాడించిన లాలిపాట. వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినబడుతుంది. మామూలు తీగతో ఒకసారి పెట్టాను. తర్వాత వాల్యూమ్ తగ్గించి, ఖరీదైన తీగ తగిలించి, మళ్లీ పెంచాను. పాట చివర ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుని, చాలా చిన్నగా నవ్వింది. మొదటిసారి ఆ నవ్వు మాకు తెలియలేదు. భాస్కరం గారు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. ఇన్నేళ్లు విన్నా ఇందులో నవ్వుందని తనకు తెలియదన్నారు. ఆయన కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. తీగ ఆయన కొనేదాకా నేను పర్దా మాట ఎత్తనే లేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

మూడు వారాల తర్వాత ఆయన ఫోన్ చేశారు. ఫిర్యాదు కాదు. మంచి చెవి డాక్టరు ఎవరైనా తెలుసా అమ్మా అని అడిగారు. మీ దగ్గర అంత స్పష్టంగా వినిపించిన నవ్వు ఇంట్లో ఎన్నిసార్లు పెట్టినా వినపడట్లేదు, తీగ మంచిదే, అది నా చెవులతోనే విన్నాను కాబట్టి లోపం చెవులదే అయ్యుండాలి అన్నారు. నేను చలికాలం జలుబు వల్ల కావచ్చండీ అని ఏదో సర్దిచెప్పి, ఎవరో చెప్పిన క్లినిక్ పేరొకటి ఇచ్చాను. పాపం, వయసు మీద పడింది అనుకున్నాను కూడా. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేను లాగి కొట్టాలనిపిస్తుంది.

జోగారావు గారితో వాదన వచ్చింది ఆ తర్వాత మూడు వారాలకు. ఆయన ఇంట్లో స్పీకర్లకు ఉన్నది బజార్లో కరెంటు సామాన్లు అమ్మే కొట్టులో దొరికే మామూలు రాగితీగ. ఇంత మంచి యాంప్లిఫయర్ పెట్టుకుని ఈ తీగేంటి అంకుల్ అన్నాను. తీగ సరిపడా లావుంటే చాలు, అంతకు మించి వినపడేదేముంటుంది అన్నాడు. నాకు వినపడుతుంది అన్నాను. వెటకారం చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. అచ్ఛా, అయితే ఆదివారం తీసుకొచ్చి చూపించు, నా చెవులు ఇంజిన్ల మోతలోనే సగం పోయాయి, నువ్వే విను, నువ్వే చెప్పు, మీ ఆంటీ రాస్తుంది అన్నాడు. నేను ఎగురుకుంటూ వెళ్లాను. పెద్దాయనకు తెలియనిది నేర్పబోతున్నాననే ఉత్సాహం.

ఆ ఆదివారం ఆయన నాకు దేనికీ అడ్డు చెప్పలేదు. షోరూమ్‌లో ఎలా చేస్తావో అలాగే చెయ్యమన్నాడు. నేను వాల్యూమ్ తగ్గించడం, తీగ మార్చడం, మళ్లీ పెంచడం. అయితే నేను వాల్యూమ్ నాబ్ మీంచి చెయ్యి తీసిన ప్రతిసారీ, పాట కంటే ముందు, ‘కూ’ అని ఒకే స్వరం ఓ పది సెకన్లు వినిపించేవాడు. స్పీకర్ వెనక మీటర్ పెట్టి, దాని మొహం ఆంటీ వైపు తిప్పాడు. ఆవిడ చూసి అంకె రాసుకునేది. తర్వాత పాట విని నేను చెప్పేదాన్ని. ఆరుసార్లు మార్చాం. ఖరీదైన తీగ ఉన్నప్పుడల్లా బాగుంది అన్నాను. తీగ నా చేత్తోనే మారుస్తున్నాను కదా, ఏది ఉందో నాకు తెలుసు కదా అనే ఆలోచన కూడా రాలేదు. ఆయన ఒక్కసారి కూడా తీగ వైపు చూడలేదు. నా చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు.

అయ్యాక ఆంటీ కాగితం నా ముందు పెట్టింది. ఖరీదైన తీగ ఉన్నప్పుడల్లా ముల్లు కాస్త పైన ఆగింది. ఆరింటికి ఆరుసార్లూ. తీగ అంత శబ్దం పెంచదు, నాబ్ పెంచుతుంది. మామూలు తీగకు నా చెయ్యి ఒకచోట ఆగుతోంది, ఖరీదైన తీగకు దానికంటే వెంట్రుకవాసి ముందుకు పోయి ఆగుతోంది. కాస్త గట్టిగా వినిపిస్తే మనిషి చెవికి అదే స్పష్టంగా, అదే దగ్గరగా తోస్తుంది. తర్వాత ఆయన నాబ్‌ను ఒకచోట పెట్టి, కదలకుండా దాని మీద టేపు అంటించి, నన్ను గోడవైపు తిరగమని, తీగలు తనే మార్చాడు. మార్చాడో మార్చకుండా ఊరకే చప్పుడు చేశాడో నాకు తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను ఊహించి చెప్పినవాటిలో సగం తప్పాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నేను అందరి చెవుల్లో పువ్వులు పెట్టానంటారా, నేను మోసగత్తెనా అని గట్టిగానే అడిగాను. ఆంటీ గబగబా లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. ఆయన టేపు ముక్కను వేలికి చుట్టుకున్నాడు.

“నీ చెవి తప్పేటీ లేదమ్మా. ఉన్నదే విన్నాది,” అన్నాడు. “చెయ్యే ముందు నమ్మేసినాది.”

ఆ మాటకు కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది, ఎందుకంటే భాస్కరం గారు గుర్తొచ్చారు. ఆయన విన్న నవ్వు తీగలోంచి రాలేదు, నా వేళ్లలోంచి వచ్చింది. ఇంట్లో అది వినపడక ఆయన చెవులు పోయాయనుకుంటున్నారు. జోగారావు గారికి అంతా చెప్పాను. ఆయన రిజిస్టర్ వైపు చూసి, అయితే పని ఇంకా పూర్తి కాలేదన్నమాట, ఆయన ఇంటికెళ్లి చెప్పి రావాలి, నేనూ వస్తాను అన్నాడు.

మరుసటి రోజే వెళ్లానని రాస్తే చదవడానికి బాగుంటుంది. వెళ్లలేదు. ఐదు వారాలు వాయిదా వేశాను. షోరూమ్‌లో టార్గెట్లు, పొగమంచు, మెట్రోలో జనం, ఏదో ఒక సాకు. యజమానికి చెప్తే, కస్టమర్ సంతోషంగా వెళ్లాడు కదా, నీకేం పోయింది, చెయ్యి అందరిదీ అంతే అన్నాడు. దుర్మార్గుడేం కాదు. అప్పటికే అలసిపోయిన మనిషి. నేనూ అలసిపోయాను. నా తప్పును నేనే వెళ్లి ఒకరి గుమ్మంలో నిలబడి చెప్పుకోవడమంటే తల కొట్టేసినట్టుండేది. జోగారావు గారు నన్ను తొందరపెట్టలేదు. కానీ యాంప్లిఫయర్ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా, వెళ్లొచ్చావా అని ఒకే ఒక్క ముక్క అడిగి, లేదంటే సరే అని పనిలో పడేవాడు. నాలుగు చీవాట్లు పెట్టినా అంత కష్టంగా ఉండేది కాదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున ఆయన స్కూటర్ మీదే వెళ్లాం. ఆంటీ టిఫిన్ డబ్బాల సంచిలో మీటర్, టేపు, రిజిస్టర్ సర్ది ఇచ్చింది. భాస్కరం గారి యాంప్లిఫయర్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంది. దాని మీద మందుల డబ్బా, చెవి పరీక్షల కాగితాలు. వయసుకు తగ్గట్టే ఉన్నాయి, బెంగ పెట్టుకోకండి అని డాక్టరు చెప్పాడట. ముసలాళ్లకు అందరూ అలాగే చెప్తారని ఈయన నమ్మలేదట. పెట్టి వినపడకపోతే ఇంకా బాధ కాబట్టి రెండు నెలలుగా పాట పెట్టడమే మానేశారట. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఆ రోజు మీకు నవ్వు వినిపించింది తీగ వల్ల కాదండీ, నేను వాల్యూమ్ పెంచాను, పెంచుతున్నానని నాకే తెలియదు, తప్పు నాది, తీగ వెనక్కి తీసుకునేలా నేను మాట్లాడతాను అన్నాను. ఆయన తీగ సంగతి పట్టించుకోనేలేదు.

“అంటే నా చెవులు బాగానే ఉన్నాయా?” అన్నారు.

జోగారావు గారు గుడ్డ తీసి చూశాడు. నాబ్ పక్కన చిన్న పెన్సిల్ గీత ఉంది. పక్కింట్లో పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారని భాస్కరం గారు ఆ గీత దాటి ఎప్పుడూ పెంచలేదట. తలుపులు మూసి, మామూలు తీగ తగిలించి, మీ చెయ్యే పెట్టండి సార్ అన్నాడు జోగారావు గారు. భాస్కరం గారు గీత దాటించి, ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పారు. కుక్కర్ విజిల్ వచ్చింది. లాలిపాట అయింది. ఊపిరి, ఆ వెనకే నవ్వు. మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ. ఆ తర్వాత జోగారావు గారు ఊరుకోకుండా సంచిలోంచి రిజిస్టర్ తీసి, చేసిన పని రాసి ఇచ్చాడు. సెక్షన్ ఆఫీసరు కదా, భాస్కరం గారు కళ్లద్దాలు పెట్టుకుని ముందు మొత్తం చదివి, ‘శ్రవణశక్తి సరిగా ఉన్నది’ అనే మాట కొట్టేసి, ‘మామూలు తీగతో నవ్వు వినబడినది’ అని దిద్ది, తేదీ వేసి సంతకం పెట్టారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. మేం బయల్దేరేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు.

“రెండు నెలలు ఆవిణ్ణి వినలేదమ్మా,” అన్నారు. మామూలుగానే అన్నారు. తిట్టుంటే బాగుండేది.

షోరూమ్‌లో ఇంకో నాలుగు నెలలున్నాను. డెమోకు ముందు నాబ్ మీద టేపు అంటించేదాన్ని. కస్టమర్లు విని, రెండూ ఒకేలా ఉన్నాయే అని మొహమాటంగా నవ్వి, వేరే ఏదో చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. యజమాని ఓపిక పట్టినంత పట్టి, నీకు ఈ పని సరిపడదు బేటా అన్నాడు. నిజమే అన్నాను. ఆ తర్వాత జోగారావు గారి బాల్కనీలోనే ఒక స్టూలు నాదైంది. టంకం పెట్టడం నుంచి గదిలో శబ్దం ఎక్కడ ముద్దవుతుందో పట్టుకోవడం దాకా అక్కడే నేర్చుకున్నాను. ఇళ్లలో పాటల గదులు సర్దే పనులు ఒకటొకటిగా రావడం మొదలైంది. రిజిస్టర్‌లో రెండో సంతకం కొన్నాళ్లు ఆంటీది, కొన్నాళ్లు నాది. ఆయన పనికి నేను, నా పనికి ఆయన. గదులు సర్దడంలో నేను చేసిన తప్పులు ఎన్ని పట్టుకున్నాడో లెక్కలేదు. ఆయన పనిలో తప్పు పట్టే అవకాశం నాకు ఏళ్ల తరబడి రాలేదు.

వచ్చిన రోజు బాగా గుర్తుంది. వానాకాలం, మధ్యాహ్నం. ఆయన ఒక యాంప్లిఫయర్ పూర్తి చేసి, పాట పెట్టి, సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చాడు. పాట ఆగగానే స్పీకర్‌లోంచి సన్నటి కూత వినిపించింది. చెవి పక్కన దోమలా, పైస్థాయిలో. ఆయన మొహంలో ఏమీ లేదు. ముల్లు కూడా కదల్లేదు, ఆ పాత మీటర్‌కు అంత సన్నటిది పట్టే శక్తి లేదు. నేను తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో ఆంటీ నన్నే చూస్తోంది. ఆవిడకూ వినిపిస్తోందని ఆ చూపుతోనే తెలిసిపోయింది. అంతకు ముందు ఆయన చేసిన రెండు యాంప్లిఫయర్లలో కూడా వినిపించిందనీ, అయినా సంతకం పెట్టేసిందనీ తర్వాత చెప్పింది. తీసుకెళ్లిన కస్టమర్లదీ ఆయన వయసే, వాళ్లెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. నేను పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. సంతకం పెట్టేస్తే ఎవరికీ ఏమీ కాదు. ఏమ్మా, రాయవేటి అన్నట్టు ఆయన నా వైపు వంగాడు. బాగుంది అంకుల్ అనబోయి ఆగి, ఆంటీ వైపు చూశాను.

“నాకేటి నచ్చుతాదో రాయకు,” అన్నాడు. “ఏటి వినపడితే అదే రాయి.”

‘సన్నటి కూత ఉంది’ అని రాశాను. ఆయన చదివాడు. యాంప్లిఫయర్ దగ్గరికి వెళ్లి, స్పీకర్‌కు చెవి ఆనించి చాలాసేపు ఉన్నాడు. తర్వాత వచ్చి, నా మాట కింద తన చేత్తో ‘నాకు వినపడలేదు, ఆమెకు వినపడింది’ అని రాశాడు. ఆంటీని ఏమీ అనలేదు, ఎప్పట్నుంచి అని మాత్రం అడిగాడు. ఆ వారంలో అంతకు ముందు వెళ్లిన రెండింటినీ వెనక్కి తెప్పించాడు. నేను చెవి పెట్టి చెప్తుంటే మూడూ విప్పి సరిచేశాడు. నాతో మళ్లీ మళ్లీ వినిపించి, నేను సంతకం పెట్టాక, రిజిస్టర్ మేకుకు తగిలించి, టెస్టర్ జేబులోంచి తీసి డ్రాయర్‌లో పెట్టాడు. మళ్లీ పని తీసుకోలేదు. భాస్కరం గారి చెవులు బాగున్నాయని చెప్పడానికి నన్ను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిన మనిషికి, నీ చెవులు పోయాయని నా చేత్తో రాసిచ్చాను. అబద్ధం ఆడి ఉండాల్సిందా అని ఒకసారి ఆంటీని అడిగాను. నేను ఆడాను కదమ్మా, ఆయన ఒక్కరోజు కూడా నన్నేమీ అనలేదు, నాకేమీ బాగుండలేదు అంది.

మొన్న గురుగ్రామ్‌లో ఆ మేనేజరు ఫ్లాట్‌లో ఏం చేశానంటే, నాబ్ మీద టేపు అంటించి, ఆయన్ని గోడవైపు తిరగమన్నాను. వంటచేసే దీదీని పిలిచి, తీగలు ఆవిడ ఇష్టం వచ్చినట్టు మార్చమని, ఏది తగిలించిందో కాగితం మీద గీతలు పెట్టుకోమన్నాను. ఆవిడ ఒకసారి మార్చి, ఒకసారి మార్చకుండా, నవ్వు ఆపుకుంటూ చక్కగా చేసింది. మేనేజరు గారికి సగానికి పైగా తప్పాయి. ఆయన ఎర్రబడ్డ మొహంతో తీగను పెట్టెలో సర్దుతూ, సరే, నా సంగతి వదిలెయ్యండి, మొదట్లో నేను టేపు లేకుండా పెట్టినప్పుడు మీరు విన్నారు కదా, మీకైనా తేడా వినిపించిందా లేదా చెప్పండి అని పట్టుబట్టాడు. అప్పుడు నాబ్ తిప్పింది ఆయనే. నా చెయ్యి నా వెనకే ఉంది, వేళ్లు మాత్రం గాల్లో కొంచెం తిరిగాయి. గొంతు విడివడి దగ్గరికొచ్చింది, వేలు వేరుగా, మోత వేరుగా తెలిసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, అన్నీ తెలిశాక కూడా. అదే ఆయనకు చెప్పాను. వినిపించిందండీ, అందుకే నా మాట లెక్కలోకి తీసుకోకండి అన్నాను. సంచిలోంచి నా రిజిస్టర్ తీసి, దీదీ చేత రెండో సంతకం పెట్టించాను.